అంచున మిగిలిపోయే పాత తెర

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వీధుల్లో పెళ్లిళ్ల రోజుల్లో కట్టే ఫ్లెక్సీలపై వధూవరుల బొమ్మలను దగ్గరికి వెళ్లి చూస్తే, జుట్టు చుట్టూ, భుజాల వెంబడి తెల్లగానో పచ్చగానో సన్నని గీత ఒకటి తరచుగా కనిపిస్తుంది. స్టూడియోలో తెర ముందు తీసిన ఫోటో నుంచి మనిషిని వేరు చేసి, గోపాలపూర్ తీరంలోనో మహేంద్రగిరి మీదనో నిలబెట్టినప్పుడు వెంట వచ్చిన పాత తెర రంగే అది. డిజైనర్ పనితనం సరిగా లేకనే ఇలా జరిగిందనుకుంటారు గాని, ఎంత నేర్పుగా కత్తిరించినా ఆ గీత పూర్తిగా పోదు.

ఎందుకంటే అంచులోని పిక్సెల్ (డిజిటల్ ఫోటోలోని అతి చిన్న చుక్క) మనిషిదీ కాదు, తెరదీ కాదు. రెండింటి నుంచి వచ్చిన కాంతీ అందులో కలిసిపోయి ఉంటుంది. వెంట్రుక 4 శాతం, తెల్ల తెర 90 శాతం కాంతిని పంపుతున్నాయనుకుందాం. వెంట్రుక సగం మాత్రమే ఆక్రమించిన పిక్సెల్‌లో 47 శాతం నమోదవుతుంది. ఆ బొమ్మను 6 శాతం కాంతి ఉన్న రాత్రి ఆకాశం మీద పెడితే అక్కడ నిజంగా ఉండవలసినది 5 శాతమే. దాని స్థానంలో 47 ఉండిపోతే తల చుట్టూ వెలుగు గీత కనిపించక మానదు.

పిక్సెల్‌లో వస్తువు ఎంత భాగం ఆక్రమించిందో చెప్పే విలువను ఆల్ఫా అంటారు. ఈ భావన 1970ల చివర కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్మల్‌ల పనిలో రూపుదిద్దుకుంది. బొమ్మలను ఒకదానిపై ఒకటి పేర్చే సూత్రాలను 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ క్రమబద్ధం చేశారు. కలపడం తేలికే, విడదీయడమే కష్టం: ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు ఒక్కొక్కటి చొప్పున మూడు సమీకరణాలు మాత్రమే మన చేతిలో ఉంటే, వస్తువు రంగుకు మూడు, నేపథ్యానికి మూడు, ఆల్ఫాకు ఒకటి కలిపి ఏడు అజ్ఞాత విలువలు తేలవలసి ఉంటుంది. తెర ఒకే రంగులో ఉంటే వాటిలో మూడు ముందే తెలిసిపోతాయి. మడతలు లేని తెరను, దాని మీద సమానంగా పడే వెలుతురును మంచి స్టూడియోలు అంతగా పట్టించుకోవడం అందుకే.

ఈ దృష్టితో చూస్తే, వాడుకలో ఉన్న చిట్కాల బలాబలాలు తెలుస్తాయి. ఎంపికను, అంటే కత్తిరించే గీతను, ఒక పిక్సెల్ లోపలికి జరపడం పట్టుచీర భుజానికి సరిపోతుంది గాని, విడివిడి వెంట్రుకలను మింగేస్తుంది. ఫెదర్‌ను, అంటే ఎంపిక అంచును క్రమంగా మసకబార్చే అమరికను, పెంచడం నాకు అసలు నచ్చని పద్ధతి. అది అంచును మెత్తబరుస్తుందే తప్ప పాత రంగును తీయదు. ఫోటోలను దిద్దే సాఫ్ట్‌వేర్ ఫోటోషాప్‌లోని డీకంటామినేట్ కలర్స్ అనే సౌకర్యం మాత్రం అంచు పిక్సెల్ పారదర్శకతను ఉంచి, కలుషితమైన రంగు స్థానంలో లోపలి వైపు రంగును నింపుతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోతో ఈ పని కుదరడం కష్టం. అలాంటి ఫోటోల ఫైలు పరిమాణాన్ని తగ్గించే జేపెగ్ కుదింపులో వెలుతురు వివరం కంటే రంగు వివరాన్ని సాధారణంగా తక్కువగా భద్రపరచడం వల్ల, తెర రంగు పక్క పిక్సెళ్లకూ పాకి ఉంటుంది.

గోపాలపూర్ దీపస్తంభాన్ని ఆకాశం ముందు తీసినప్పుడు అంచున కనిపించే ఊదా, ఆకుపచ్చ చారలు వేరే జాతివి. కెమెరా లెన్స్‌లోని గాజు ఒక్కో రంగును ఒక్కో మేర వంచడం వల్ల అవి పుడతాయి. ఫ్రేము మూలల్లో పెరిగే చారలను ఎరుపు, నీలం పొరల పరిమాణాన్ని చిత్ర కేంద్రం ఆధారంగా సవరించి తొలగిస్తారు కాబట్టి, ఫోటోను క్రాప్ చేయకముందే ఆ పని ముగించాలి. క్రాప్ తర్వాత అసలు కేంద్రం జరిగిపోతుంది. పదును పెంచడం మాత్రం కొత్త నేపథ్యంలో బొమ్మ కుదిరాక, ముద్రణ పరిమాణం తేలాకనే చేయాలి, ఎందుకంటే అది అంచుకు ఇరువైపులా వెలుగునీడల తేడాను పెంచి తనదైన మరో గీతను సృష్టిస్తుంది.