ఊరినే పైకెత్తిన గాల్వెస్టన్

1900 సెప్టెంబరు 8న అమెరికాలోని టెక్సాస్ తీరంలో దీవిపై ఉన్న గాల్వెస్టన్ నగరాన్ని పెనుతుపాను ముంచెత్తింది. అక్కడ అన్నిటికంటే మెరక ప్రాంతం కూడా సముద్రమట్టానికి 9 అడుగుల ఎత్తు లేదు. వచ్చిన ఉప్పెన 15 అడుగులు దాటింది. సుమారు 37 వేల జనాభాలో కనీసం 6 వేల మంది మరణించారు. అడ్డుగోడ అవసరం లేదని 1891లోనే పత్రికలో వ్యాసం రాసిన వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్ తన భార్యను ఆ ఉప్పెనలోనే పోగొట్టుకున్నారు.

1902లో మొదలైన సముద్రపు గోడ తొలి భాగం 1904కల్లా పూర్తయింది. 17 అడుగుల ఎత్తున్న ఆ కాంక్రీటు గోడకు, కెరటం బలంగా తాకినా పైకి తిరిగి విరిగిపోయేలా, సముద్రం వైపు లోపలికి వంపు పెట్టారు. అయితే గోడ ఒక్కటే చాలదని ఇంజినీర్లకు తెలుసు. దాని వెనుక నేల పల్లంగానే ఉంటే, కెరటాల ఒత్తిడికి గోడకు దన్ను ఉండదు, దీవికి వెనుక, ప్రధాన భూభాగం వైపున్న అఖాతం నుంచి తిరిగి వచ్చే నీటికి అడ్డూ ఉండదు. అందుకే ఊరినే ఎత్తు చేయాలని నిశ్చయించారు. నా దృష్టిలో అసలు సాహసం ఇదే.

పట్టణాన్ని భాగాలుగా విడగొట్టి, చుట్టూ కట్టలు పోసి, లోపలి ఇళ్లను మరజాకీలతో లేపారు. ఓడరేవు ముఖద్వారంలో తవ్విన ఇసుకను నీటితో కలిపి, ఊరి మధ్య తవ్విన కాలువలోకి డ్రెడ్జర్లతో (నీటి అడుగు ఇసుక తోడే ఓడలతో) తెచ్చి, గొట్టాల ద్వారా ఇళ్ల కిందికి పంపు చేశారు. నీరు కారిపోగా ఇసుక మిగిలేది. దాదాపు 3 వేల టన్నుల బరువున్న సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలతో 5 అడుగులు పైకెత్తారు, ఆ సమయంలోనూ లోపల ప్రార్థనలు ఆగలేదు. (రోడ్డు పెరిగి ఇల్లు పల్లమైపోతే మన పట్టణాల్లో ఇప్పుడు చేస్తున్నదీ ఈ పనే.) ఇల్లు లేపించుకునే ఖర్చు మాత్రం యజమానిదే. బురద మీద వేసిన ఎత్తైన చెక్క వంతెనలపైనే జనం ఏళ్ల తరబడి రాకపోకలు సాగించారు. ఉప్పు ఇసుక కింద తోటలన్నీ చచ్చిపోయాయి. 1911 నాటికి రెండు వేలకు పైగా కట్టడాలు పైకి లేచాయి.

1915లో దాదాపు అంతే తీవ్రమైన తుపాను వచ్చినప్పుడు, గోడ చాటున ఉన్న నగరంలో ప్రాణనష్టం పది మంది దరిదాపుల్లోనే ఆగింది. కానీ వర్తకం నిలవలేదు: 1914లో ఓడల కాలువ తెరుచుకున్న పొరుగు నగరం హ్యూస్టన్ వైపు అది తరలిపోయింది. గోడ ముందున్న ఇసుక తీరం కూడా క్రమంగా కోతకు గురైంది. ఎత్తు చేసిన నేల గోడ దగ్గర నుంచి అఖాతం వైపు వాలుగా దిగుతుంది కనుక, 2008లో ఐక్ తుపాను వచ్చినప్పుడు నీరు ఆ వెనుక వైపు నుంచే ఊళ్లోకి చొరబడింది.