పాత గేములు: చందా కట్టాలా, కొనుక్కోవాలా? ఈ పేచీ వెనక కథ

2023 జులైలో ఆంట్‌స్ట్రీమ్ ఆర్కేడ్ అనే బ్రిటిష్ గేమ్ స్ట్రీమింగ్ సర్వీసు మైక్రోసాఫ్ట్ వారి గేమ్ మెషిన్ ఎక్స్‌బాక్స్‌లోకి వస్తూ రెండు ధరలు పెట్టింది. ఏడాదికైతే 30 డాలర్లు, ఒకేసారి 80 డాలర్లు కట్టేస్తే జీవితాంతం. కమడోర్ 64, స్పెక్ట్రమ్ అనే 1980ల ఇంటి కంప్యూటర్ల కాలం నాటివి, బిళ్ల వేసి ఆడే ఆర్కేడ్ మెషిన్లవి కలిపి వెయ్యికి పైగా గేములు. అన్నీ కంపెనీ సర్వర్లలోనే నడుస్తాయి, మన తెర మీదికి వచ్చేది వీడియో మాత్రమే. జీవితాంతం అంటే మన జీవితమా, కంపెనీ జీవితమా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. లెక్క వేస్తే మూడో ఏడు ముగిసేలోపే డబ్బు గిట్టుబాటవుతుంది. అంటే ఇది జీవితకాలం మాట కాదు, సర్వీసు ఓ మూడేళ్లయినా నడుస్తుందా లేదా అన్న పందెం.

చందానా, అద్దెనా, సొంతమా అన్న ఈ పేచీ స్ట్రీమింగ్‌తో పుట్టింది కాదు. 1980ల చివర్లో అమెరికాలో వీడియో క్యాసెట్ల షాపులు గేమ్ క్యాట్రిడ్జ్‌లను (గేమ్ నింపి ఉండే ప్లాస్టిక్ డబ్బీలను) కూడా అద్దెకివ్వడం మొదలెట్టాయి. పిల్లలు వారాంతంలో గేమ్ తెచ్చుకుని, ఆడేసి, సోమవారం తిరిగిచ్చేస్తుంటే, గేములు తయారుచేసే జపాన్ కంపెనీ నింటెండోకు ఒళ్లు మండింది. నేరుగా అద్దెను ఆపే చట్టం లేదు. అందుకని 1989లో బ్లాక్‌బస్టర్ అనే అద్దె షాపుల సంస్థ మీద ఇంకో దారిలో కేసు వేసింది: గేముతో వచ్చే సూచనల పుస్తకాన్ని జిరాక్స్ తీసి ఇస్తున్నారని. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెస్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అద్దెకు అడ్డుకట్ట వేసింది గానీ, టీవీకి తగిలించి ఆడే కన్సోల్ మెషిన్ల గేములను మినహాయించింది. అద్దె షాపులు బతికిపోయాయి. (మన దగ్గర 90ల్లో నకిలీ కన్సోళ్లు పెట్టుకుని గంటకింత అని ఆడించిన పార్లర్ల జోలికి ఏ కంపెనీ లాయరూ వచ్చినట్టు లేదు.)

చందా పద్ధతికి కూడా పాత రోజుల్లోనే పునాది పడింది. 1994 చివర్లో నింటెండో పోటీదారు సెగా, కేబుల్ టీవీ వైరు ద్వారా గేములు పంపే సెగా ఛానల్ మొదలుపెట్టింది. నెలకు దాదాపు 15 డాలర్లు కడితే 50 దాకా గేములు, నెలనెలా మారిపోతూ ఉండేవి. సెగా వారి జెనెసిస్ కన్సోల్‌లో క్యాట్రిడ్జ్ పెట్టే చోట ఒక అడాప్టర్ పెడితే, ఎంచుకున్న గేమ్ దాని మెమరీలోకి దిగేది. స్విచ్ ఆపితే గేమ్ మాయం. ఇప్పుడు మనం తిట్టుకునే సంగతులన్నీ అప్పుడే ఉన్నాయి. 1998లో అది మూతపడింది.

తర్వాత కొన్నాళ్లు అమ్మకం రాజ్యమేలింది. 2006లో నింటెండో, వీ (Wii) అనే కన్సోల్‌తో పాటు వర్చువల్ కన్సోల్ అనే దుకాణం తెరిచి, పాత గేములను ఒక్కోటి 5, 8, 10 డాలర్లకు అమ్మింది. జనం సంతోషంగానే కొన్నారు. తిరకాసు 2013లో బయటపడింది. కొత్త వీ యూ (Wii U) కన్సోల్‌కు మారితే, కొన్న గేమునే మళ్లీ అక్కడ హాయిగా ఆడటానికి డాలరో, డాలరున్నరో అదనంగా కట్టమన్నారు. 2019 జనవరిలో వీ దుకాణమూ, 2023 మార్చిలో వీ యూ, చేతిలో పట్టుకుని ఆడే 3డీఎస్ దుకాణాలూ మూసేశారు.

స్ట్రీమింగ్‌లో కొనడం అంతకన్నా ఘోరం. 2010లో వచ్చిన ఆన్‌లైవ్ అనే సర్వీసు, గేములను విడివిడిగా అమ్మింది. 2015 ఏప్రిల్ 30న సర్వర్లు ఆపేసరికి కొన్నవన్నీ వాటితోనే పోయాయి. గూగుల్ వారి స్ట్రీమింగ్ సర్వీసు స్టేడియా కూడా 2023 జనవరిలో మూతపడింది. కాకపోతే గూగుల్ పెద్ద కంపెనీ కాబట్టి డబ్బు వాపసిచ్చింది. చిన్న కంపెనీ నుంచి అది ఆశించలేం.

సోనీది మరో చిత్రం. దాని కన్సోల్ ప్లేస్టేషన్ 3 (పీఎస్3)లోని సెల్ అనే ప్రాసెసర్ చిప్పు తీరే వేరు, దాన్ని వేరే మెషిన్‌లో అనుకరించడం కష్టం. ఆ గేములను కొత్త కన్సోల్‌లో నేరుగా నడపలేక సర్వర్ల దారి పట్టింది. 2014లో ప్లేస్టేషన్ నౌ అనే స్ట్రీమింగ్ సర్వీసు తెచ్చి మొదట గంటల లెక్కన అద్దె పెట్టింది. ట్రయల్ దశలో ఒక గేముకు 4 గంటలకు 5 డాలర్లు, 90 రోజులకు 30 డాలర్లు చూపించేసరికి జనం తిట్టిపోశారు. మరి అదే గేమ్ సెకండ్‌హ్యాండ్ డిస్కు అంతకన్నా చవగ్గా దొరుకుతుంటే తిట్టరా? 2015 జనవరిలో నెలకు 20 డాలర్ల చందా వచ్చింది.

ఇక అద్దె మీద కోర్టుకెక్కిన నింటెండోనే 2018లో చందా దారి పట్టింది. తన స్విచ్ కన్సోల్ కోసం పెట్టిన స్విచ్ ఆన్‌లైన్‌కు ఏడాదికి 20 డాలర్లు, పాత గేములు అందులో భాగం. ఇక్కడ గేమ్ మన కన్సోల్‌లోనే నడుస్తుంది, అయినా వారానికోసారి నెట్‌కు కలిపి చందా బతికే ఉందని నిరూపించుకోవాలి. 2021 అక్టోబర్‌లో 1990ల నాటి నింటెండో 64 కన్సోల్ గేములను జోడించి ఏడాదికి 50 డాలర్లన్నారు. ఆ ప్రకటన వీడియోకు యూట్యూబ్‌లో డిస్‌లైకులు కుప్పలు పడ్డాయి.

ఇంత గొడవ ఉన్నా చందాయే గెలవడానికి కారణం దురాశ ఒక్కటే కాదు. పాత గేమును చాలామంది పది నిమిషాలు ఆడి, చిన్నతనం గుర్తుచేసుకుని వదిలేస్తారు. అలాంటి గేమ్ విడిగా ఎన్ని అమ్ముడుపోతుంది? పైగా హక్కులు ఎప్పుడో మూతబడ్డ కంపెనీల చేతుల్లోంచి ఎవరెవరికో వెళ్లిపోయి ఉంటాయి. వెతికి లైసెన్సు తెచ్చే ఖర్చు ఒక్క గేము మీద రాదు, వెయ్యి కలిపి మూట కడితేనే వస్తుంది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. చందా లేకపోతే ఆంట్‌స్ట్రీమ్ జాబితాలోని చాలా గేములు కూడా ఆ లెక్కలోనే ఉండేవి. నా వరకు, ఊరికే తిరిగి చూడటానికి ఏడాది చందా చాలు. మళ్లీ మళ్లీ ఆడే రెండు మూడింటిని మాత్రం జీఓజీ లాంటి ఆన్‌లైన్ గేముల దుకాణంలో కొని, (కాపీ రక్షణ) తాళం లేని ఫైలు హార్డ్ డిస్కులో దాచుకోవడం మేలు. స్ట్రీమింగ్‌లో "కొను" అన్న బటన్‌కు డబ్బు పెట్టను.

ఆ బటన్ మీదే కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. అమ్మేది ఎప్పుడైనా వెనక్కి తీసుకోగల లైసెన్సు అయితే, ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా "కొనండి" అనకూడదు. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. చందా సర్వీసులకు వర్తించదు.

మన దేశంలో ఎంపిక ఇంకా తక్కువ. 2022లో సోనీ తన చందా సర్వీసు ప్లేస్టేషన్ ప్లస్‌ను మూడు అంచెలుగా మార్చినప్పుడు, స్ట్రీమింగ్ ఉన్న ప్రీమియం బదులు ఇండియాకు డీలక్స్ ఇచ్చింది. అందులో పీఎస్3 స్ట్రీమింగ్ లేదు. పీఎస్3 డిస్కు పీఎస్5లో పనిచేయదు. కాబట్టి రీమాస్టర్ (కొత్త కన్సోల్ కోసం మెరుగుపరిచిన కూర్పు) రాని గేమ్ కావాలనుకునే హైదరాబాద్ కుర్రాడు ఓఎల్ఎక్స్‌లో పాత కన్సోల్ వెతుక్కోవాల్సిందే. ఆ బేరంలో సోనీకి పైసా రాదు.