కొవ్వు మందం చెప్పే వెలుతురు సూది

పంది కళేబరాన్ని ముక్కలు చేయకుండానే అందులో కొవ్వెంతో ఎలా తేలుస్తారని ఒక పాఠకుడు అడిగారు. అల్ట్రాసౌండ్ ఉంది, సీటీ స్కాన్ ఉంది, రెండు శక్తుల ఎక్స్‌రే ఉంది. నా మనసు మాత్రం కబేళాల్లో వాడే వెలుతురు సూది మీదే.

సూది కొన దగ్గర ఓ చిన్న ఎల్‌ఈడీ, దాని పక్కనే తిరిగొచ్చే కాంతిని పట్టే డిటెక్టరు. చివరి పక్కటెముకల దగ్గర, వెన్ను మధ్యగీతకు కొన్ని సెంటీమీటర్లు పక్కగా గుచ్చుతారు. పిడి ముందున్న పలక చర్మానికి ఆనుకుని ఆగిపోతుంది, సూది ఒక్కటే లోపలికి దిగుతుంది. పలకకూ కొనకూ మధ్య దూరమే లోతు. లోతును బట్టి కాంతి ఎలా మారిందో గ్రాఫు వేస్తే, గీత కొవ్వులో ఎత్తుగా నడిచి, కండ మొదలవగానే ధబాలున పడుతుంది. కండ దాటాక మళ్లీ లేస్తుంది. పడిన చోటు వరకూ చర్మంతో కలిపి కొవ్వు మందం, అక్కణ్ణుంచి లేచిన చోటు వరకూ కండ మందం.

ఎందుకు పడాలి? కాంతిని ఎంత వంచుతుందో చెప్పే సంఖ్య, అంటే వక్రీభవన గుణకం, కొవ్వుకు సుమారు 1.46, నీటికి 1.33. కొవ్వు కణాల మధ్య ఈ రెండూ కలిసే ప్రతి హద్దులోనూ కాంతి దారి మళ్లుతుంది. అలా మళ్లీ మళ్లీ చెదిరి చాలా భాగం వెనక్కే వస్తుంది. ఇలా చెదరడాన్నే పరిక్షేపణం అంటారు. తాజా కండలో ఇది ఇంతగా ఉండదు. బడిలో పరిక్షేపణం అనగానే ఆకాశం నీలంగా ఎందుకుందో చెప్పి ముగించేస్తారు, పాపం దానికి ఇంత పనుందని పిల్లలకు తెలియదు.

చిక్కంతా పాలిపోయిన మాంసంతోనే. కళేబరం ఇంకా వేడిగా ఉండగానే కండలో ఆమ్లత్వం వేగంగా పెరిగితే ప్రొటీన్ల ఆకృతి చెడుతుంది. ఉడికే గుడ్డు తెల్లసొనలాగే కండా తెల్లబారి కాంతిని చెదరగొడుతుంది. అప్పుడు గీత నిటారుగా పడక ఏటవాలుగా జారుతుంది, కొవ్వెక్కడ ముగిసిందో పరికరం తడబడుతుంది.

ఇంతా చేసి దొరికేవి రెండు మందాలే. రైతుకు డబ్బు ముట్టేది మొత్తం కళేబరంలో కండ శాతాన్ని బట్టి. అందుకే ఐరోపా సమాఖ్య కనీసం 120 కళేబరాలను కోసి వేరుచేయడం ద్వారానో, సీటీతోనో అసలు కండ శాతం తేల్చి, దానికి ఈ మందాలను సమీకరణంతో ముడిపెట్టమంటుంది. అంచనా దోషం 2.5 శాతం పాయింట్ల లోపు ఉంటేనే ఆ పద్ధతికి అనుమతి.

గొడ్డుమాంసంలో కండ లోపలే పాకే తెల్లని కొవ్వు చారలు ఈ సూదికి లొంగవు. ఒక్క గీత వెంట గుచ్చితే వాటి విస్తరణ ఏం తెలుస్తుంది? అమెరికాలో 12, 13 పక్కటెముకల మధ్య కోసి, ఆ కోతముఖాన్ని కంటితోనో కెమెరాతోనో చూసి గ్రేడు వేస్తారు.