ఉన్ని కొట్టం పాస్‌పోర్టుకెక్కిన కథ

2025లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్ కౌంటీ కౌన్సిల్ బైబరీ ఊరి నడుమ టూరిస్టు బస్సులు ఆగే చోటును ప్రయోగాత్మకంగా ఎత్తేసింది. జనాభా దాదాపు 600 ఉన్న పల్లె అది. అంతమంది అక్కడికి చూడటానికి వచ్చేది కోల్న్ నది పక్కన వరుసగా ఉన్న కొన్ని చిన్న రాతి ఇళ్ళను. ఆ వరుస పేరు ఆర్లింగ్టన్ రో.

నిజానికి అవి ఇళ్ళుగా పుట్టలేదు. ఆ ఊరి భూములు ఆస్నీ మఠం చేతిలో ఉన్న కాలంలో, సుమారు 1380లో, ఉన్ని నిల్వకని కట్టిన పొడవాటి కొట్టం అది. ఆ ఊరున్న కాట్స్‌వోల్డ్ కొండల గొర్రెల ఉన్నికి అప్పట్లో యూరప్ అంతటా గిరాకీ. పదిహేడో శతాబ్దంలో ఆ కొట్టాన్ని గదులుగా విడదీసి, నేతగాళ్ళ కాపురాలకు ఇళ్ళుగా మార్చారు. నేసిన బట్టను ఆర్లింగ్టన్ మిల్లుకు తీసుకెళ్ళి నీళ్ళలో తడిపి, జిడ్డు పోయి చిక్కబడేదాకా దంచేవారు. తర్వాత ఇళ్ళ ముందున్న చిత్తడి నేలలో చట్రాలకు బిగించి ఆరబెట్టేవారు. ఇంగ్లీషులో ఆ చట్రాన్ని ‘రాక్’ అంటారు. అందుకే ఆ నేలకు ఇప్పటికీ రాక్ ఐల్ అనే పేరు.

కట్టడంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది పైకప్పు. గోడల రాయి సుమారు 17 కోట్ల ఏళ్ళ కిందట సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. దగ్గరగా చూస్తే చేపగుడ్లలాంటి గుండ్రటి రేణువులు కనిపిస్తాయి. కప్పుకూ సున్నపురాయే, కాకపోతే మన నాపరాయిలా పొరలుగా విడిపోయే రకం. కాట్స్‌వోల్డ్స్‌లో ఈ పలకలను తీయడానికి కొన్నిచోట్ల చలికాలాన్నే పనిముట్టు చేసుకున్నారు. తవ్విన రాయిని ఆరనివ్వకుండా ఆరుబయట పరిచి ఉంచితే, లోపలి తేమ గడ్డకట్టి పొర పొరకూ అదే చీలేది. ఆ పలకలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, నీళ్ళు పీలుస్తాయి. వాన నీరు వాటి మీద నిలవకుండా జారిపోవాలంటే కప్పు బాగా ఏటవాలుగా ఉండాలి. పెద్ద పలకలు చూరు దగ్గర, పైకి పోయేకొద్దీ చిన్నవి, నడికొప్పు దగ్గర మరీ చిన్నవి. రాయి ఏ సైజులో దొరికితే ఆ సైజును వృథా పోకుండా వాడుకున్న పనితనం అది. ఈనాడు అందరూ ఫొటో తీసుకునే ఆ నిటారు కప్పుల వంపు అలా వచ్చిందే.

ఆవిరి యంత్రాలు వచ్చాక బట్టల పరిశ్రమ యార్క్‌షైర్‌కు తరలింది. కాట్స్‌వోల్డ్ పల్లెలు చితికిపోయాయి. పాతవి పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత లేక పాతవే మిగిలాయి. ఈ అందం వెనక అంత పేదరికం ఉందన్న సంగతి మరచిపోకూడదని నా పట్టు. ఆ పాతదనాన్ని ప్రేమించినవాళ్ళలో రచయిత, డిజైనర్ విలియం మోరిస్ ముందుంటాడు. ఇంగ్లండ్‌లో అన్నిటికన్నా అందమైన పల్లె బైబరీయేనని ఆయన అన్నట్టు చెబుతారు. పాత కట్టడాలను చెరపకుండా కాపాడాలని 1877లో ఒక సంఘాన్నే పెట్టిన మనిషి ఆయన.

కార్ల కంపెనీ అధిపతి హెన్రీ ఫోర్డ్ ఈ వరుసను మొత్తంగా కొని అమెరికా తీసుకుపోవాలని చూశాడన్న మాట అక్కడ బాగా ప్రచారంలో ఉంది. అది ఎలా ఉన్నా, దగ్గర్లోని చెడ్‌వర్త్ ఊరి నుంచి ఒక రాతి ఇంటిని మాత్రం ఆయన నిజంగానే కొన్నాడు. రాయి రాయీ విప్పించి, ఓడలో మిషిగన్ చేర్పించి, డియర్‌బర్న్‌లోని తన గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టించాడు. ఆర్లింగ్టన్ రోను 1929లో రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ నిధులు పోగుచేసి కాపాడింది. తర్వాత అది పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతికి వచ్చింది. బ్రిటిష్ పాస్‌పోర్టు లోపలి అట్ట మీద బొమ్మగా కూడా కొంతకాలం కనిపించింది.

2017లో అక్కడికి దగ్గర్లో నిలిపిన ఒక పసుపుపచ్చ కారును ఎవరో ధ్వంసం చేశారు. ఫొటోలకు అడ్డమొస్తోందని అంతకుముందు నుంచే ఆ కారు మీద సణుగుళ్ళు ఉన్నాయి. డియర్‌బర్న్‌లోని ఇల్లు మ్యూజియం వస్తువు, అందులో ఎవరూ కాపురముండరు. ఆర్లింగ్టన్ రోలో మాత్రం ఇప్పటికీ అద్దె కట్టి కాపురముంటున్నవాళ్ళున్నారు. బస్సుల స్టాండు మీద తీసుకున్న నిర్ణయాన్ని నేను వాళ్ళ గుమ్మంలో నిలబడే చూస్తాను.