భూగర్భంలో పాతిపెట్టే, రియాక్టర్లలో వాడేసిన అణు ఇంధనం: అపోహలు - వాస్తవాలు

అపోహ: పాతిపెట్టిన పీపాకు చిల్లు పడితే ఇంధనం బయటికి కారిపోతుంది.

వాస్తవం: కారడానికి అది ద్రవం కాదు. సెంటీమీటరు వెడల్పు కూడా లేని యురేనియం డయాక్సైడ్ గుళికలను జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాలలో పేర్చి ఉంచుతారు. రియాక్టర్ వేడికి పగుళ్ళిచ్చినా అవి పింగాణీలాంటి గట్టి ముక్కలే.

అపోహ: నీరు తగలగానే ఇనుములా తుప్పుపట్టి కరిగిపోతుంది.

వాస్తవం: యురేనియం అప్పటికే ఆక్సైడ్ రూపంలో ఉంది కాబట్టి, అది ఇంకా ఆక్సీకరణం చెందుతుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఈ గుళికలలోలా నాలుగో ఆక్సీకరణ స్థితిలో (పరమాణువు నాలుగు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితిలో) ఉన్న యురేనియం నీటిలో కరగనట్టే లెక్క. ఆరో స్థితికి చేరితే మాత్రం నీటిలోని కార్బొనేట్‌తో జతకట్టి సులువుగా కరుగుతుంది. లోతైన భూగర్భజలంలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఈ ఇంధనాన్ని పరీక్షించే మా ప్రయోగశాలలో ఆ ఆక్సిజన్ లేని స్థితిని నిలపడమే కష్టం: ఆర్గాన్ అనే జడవాయువు నింపిన పెట్టెలోకి పిసరంత గాలి చొరబడినా నీటిలో యురేనియం పెరుగుతుంది, అందుకే మేము ఉదయాన్నే ముందు చూసేది ఇంధనాన్ని కాదు, ఆక్సిజన్ మీటరును.

అపోహ: ఆక్సిజన్ లేకపోతే ఇక భయమే లేదు.

వాస్తవం: ఇంధనం తన ఆక్సీకారిణిని, అంటే తనను ఆక్సీకరించే పదార్థాన్ని, తానే తయారుచేసుకుంటుంది. దాని ఆల్ఫా కిరణాలు ఉపరితలాన్ని ఆనుకున్న పలుచటి నీటిపొరను విడగొట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. బీటా, గామా వికిరణం కొన్ని వందల ఏళ్ళలో బాగా తగ్గిపోయినా, ప్లుటోనియం-239 అర్ధాయువు సుమారు 24,100 ఏళ్ళు కాబట్టి ఆల్ఫా మాత్రం చాలాకాలం వదలదు.

అపోహ: పెట్టెలోని ఇనుము తుప్పుపడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఇష్టమైన అపోహ ఇది, ఎందుకంటే నిజం దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. స్వీడన్, ఫిన్లాండ్ ఎంచుకున్న పద్ధతిలో 5 సెంటీమీటర్ల మందం గల రాగి పెట్టెలో ఇంధనాన్ని పట్టి ఉంచే పోత ఇనుపదిమ్మ, చుట్టూ బెంటొనైట్ బంకమట్టి ఉంటాయి. రాగిని దాటి నీరు లోపలికి వస్తే, ఆక్సిజన్ లేనిచోట ఇనుము మాగ్నెటైట్ అనే నల్లటి ఇనుప ఆక్సైడ్‌గా మారుతూ హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. ఇంధనంలో విచ్ఛిత్తి వల్ల ఏర్పడిన పల్లాడియం, రుథీనియం వంటి లోహాల సూక్ష్మరేణువులు ఆ హైడ్రోజన్‌కు ఉత్ప్రేరకాలై, ఆక్సీకరణం చెందబోయే యురేనియాన్ని తిరిగి నాలుగో స్థితికే లాక్కొస్తాయి. అంటే పెట్టె తుప్పే ఇంధనానికి కాపలా కాస్తుంది.

అపోహ: అంతా ఒకే వేగంతో బయటికి వస్తుంది.

వాస్తవం: స్వీడన్ భద్రతా అంచనాలో గుళిక కరిగే వేగానికి తీసుకున్న మధ్యస్థ విలువ ఏడాదికి కోటిలో ఒక వంతు. కానీ గుళికకు, గొట్టానికి మధ్య సందులో చేరిన అయొడిన్-129 వంటి రేడియోధార్మిక పదార్థాలు నీరు తగిలిన వెంటనే కరుగుతాయి. ఆందోళన పడదలిస్తే పడాల్సింది యురేనియం గురించి కాదు, వీటి గురించి.

అపోహ: ఇన్నేళ్ళ సంగతి ఎవరూ చూడలేదు, ఇదంతా ఊహే.

వాస్తవం: కెనడాలోని సిగార్ లేక్‌లో సుమారు 130 కోట్ల ఏళ్ళనాటి యురేనియం ఖనిజం 400 మీటర్లకు పైగా లోతున, బంకమట్టి పొర మధ్య, నీటిలోనే ఉండి కూడా చాలామటుకు చెక్కుచెదరలేదు. అయితే వాడిన ఇంధనంలో ఉన్నంత తీవ్రమైన వికిరణం ఆ ఖనిజంలో లేదు కాబట్టి, దాన్ని నేను పోలికగా చూపిస్తానే తప్ప రుజువుగా కాదు.