ఒకటిన్నర శ్రుతి, అయిదో తీగ: బేస్ గిటార్ వివాదం వెనుక 1976

తెలుగు పాటలను రాక్ వాద్యాలతో కలిపి వినిపించే హైదరాబాదు బ్యాండు ఒకదానిలో, బేసిస్టు (కింది స్వరాల బేస్ గిటారు వాయించేవారు) ఏ గిటారు వాయించాలన్న విషయమై నిరుడు సద్దుమణిగిందనుకున్న వివాదం ఈ వారం మళ్లీ రాజుకుంది. అందరూ ఒప్పుకున్న నాలుగు తీగల ప్రెసిషన్ బేస్‌ను ఇంట్లో వదిలేసి ఆయన గచ్చిబౌలిలోని ఒక పబ్బు ప్రదర్శనకు బ్యాటరీతో పనిచేసే అయిదు తీగల యాక్టివ్ బేస్‌తో రావడం, రెండో పాట ముగియకముందే గాయకుడు సౌండ్ ఇంజనీరు వైపు తిరిగి బేస్ తగ్గించమని అరచేయి కిందికి ఊపడం, ఆ కొద్ది క్షణాల వీడియో ఫోన్లలో తిరగడం ఈపాటికి చాలామందికి తెలుసు. బేసిస్టు దీన్ని అవమానంగా తీసుకున్నారు. మిగిలిన నలుగురూ మాట తప్పింది ఆయనేనంటున్నారు.

1951లో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్, 1960లో వచ్చిన జాజ్ బేస్, బీటిల్స్ బేసిస్టు మెకార్ట్నీ చేతిలోని వయొలిన్ ఆకారపు హాఫ్నర్ గురించి ఈ రంగం తెలిసినవారికి కొత్తగా చెప్పవలసింది లేదు. ప్రస్తుత తగాదా అర్థం కావాలంటే నేరుగా 1976కు వెళ్లాలి.

అంతకుముందు బేస్ గిటార్లలో అత్యధికం పాసివ్ రకానివి, అంటే బ్యాటరీ లేనివి. వాటి మీది టోన్ నాబ్ పై శబ్దాన్ని కోయగలదే తప్ప ఏదీ కలపలేదు. నాదం ఎలా ఉండాలో చాలావరకు ఆంప్లిఫయరో, రికార్డింగు బల్ల దగ్గర కూర్చున్న ఇంజనీరో తేల్చేవారు. డెట్రాయిట్‌లోని మోటౌన్ స్టూడియోలో బేసిస్టు జేమ్స్ జేమర్సన్ తన 1962 నాటి ప్రెసిషన్‌ను నేరుగా రికార్డింగు బల్లకే తగిలించి, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో వాయించేవారు. ఆయన వాడిన నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలు ఏళ్ల తరబడి మారేవి కావు. అప్పట్లో బ్యాండు సభ్యులకు ఫిర్యాదు ఉంటే అది వాయించిన స్వరాల మీద ఉండేది, వాద్యం మీద అంతగా ఉండేది కాదు.

తన కంపెనీని 1965లోనే సీబీఎస్‌కు అమ్మేసిన లియో ఫెండర్, మ్యూజిక్ మ్యాన్ సంస్థ నుంచి 1976లో స్టింగ్‌రే అనే బేస్‌ను విడుదల చేశారు. అందులో 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే ప్రీఆంప్, అంటే సిగ్నల్‌ను పెంచే చిన్న సర్క్యూట్, ఉంది. బేస్‌ను (కింది శబ్దాన్ని), ట్రెబుల్‌ను (పై శబ్దాన్ని) వాయించేవాడే పెంచుకునే నాబులు గిటారు మీదికే వచ్చాయి. అలెంబిక్ వంటి ఖరీదైన చేతితయారీ వాద్యాలలో ఈ సదుపాయం ముందే ఉన్నా, మామూలు వాద్యకారుడి అందుబాటులోకి తెచ్చింది స్టింగ్‌రేయే. వంటవాడి దగ్గరుండే ఉప్పు డబ్బా వడ్డించేవాడి చేతికి వచ్చినట్లయింది. అదే ఏడాది బేసిస్టు జాకో పాస్టోరియస్ తొలి ఆల్బమ్ వెలువడి, వెనక వరుసలో నిలబడే బేస్ ముందుకు వచ్చి రాగం పాడగలదని చూపింది. కింద బి (B) తీగ కలిగిన అయిదు తీగల బేస్‌ను మరో బేసిస్టు జిమ్మీ జాన్సన్ అలెంబిక్‌తో చేయించుకున్నదీ 1976లోనే. మూడూ ఒకే ఏడాది కలిసిరావడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, బేసిస్టు నాదం బేసిస్టు సొంతమన్న భావన బలపడింది మాత్రం ఆ తర్వాతే. తక్కినవారికి బేస్ ఎంపిక మీద అభిప్రాయాలు పుట్టుకొచ్చిందీ అప్పటినుంచే.

ఈ బ్యాండులోని మిగిలిన సభ్యులు చెబుతున్నది చరిత్ర కాదు, ప్రాక్టీసు గదిలో రోజూ వింటున్న సంగతి. కొండాపూర్‌లోని ఆ గది సెల్లార్‌లో ఉంది. గోడలకు పాత కార్పెట్లు, మూలన డ్రమ్ములు, తలుపు పక్కన బేస్ ఆంప్. యాక్టివ్ బేస్‌లో కింది శబ్దాన్ని, పై శబ్దాన్ని పెంచి ఒంటరిగా వాయిస్తే ఎంతో నిండుగా వినిపిస్తుందని వారూ ఒప్పుకుంటున్నారు. డ్రమ్మరు కిక్ పెడల్ తొక్కగానే ఆ కింది శబ్దం దానితో కలిసిపోయి రెండూ మసకబారుతాయి. పెంచిన ట్రెబుల్ సింబల్స్‌లో కలిసిపోతుంది. మిగలవలసిన మధ్యస్థాయి శబ్దమేమో పెంచిన రెండింటి మధ్య చిక్కుకుని వెనకబడుతుంది. దాంతో ఏ స్వరం వాయిస్తున్నారో తెలియక ఒట్టి గుయ్యిమనే మోత మిగులుతుంది. ప్రెసిషన్‌లోని ఒకే ఒక్క పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) సరిగ్గా ఆ మధ్యభాగాన్నే గట్టిగా పలికిస్తుంది కనుక, రెండు గిటార్ల నడుమ కూడా తన శ్రుతి తనకు స్పష్టంగా తెలుస్తుందన్నది గాయకుడి వాదన. వెనక బేస్ తేలకపోతే తన గొంతు పక్కకు జారుతుందని ఆయన అంటున్నారు. గిటారిస్టు మాత్రం అయిదు తీగల బేస్ వేదిక మీద చూడటానికే బాగాలేదని ఒక మాట జారారు. ఆ మాట అనకుండా ఉంటే వారి పక్షం మరింత బలంగా ఉండేది.

బేసిస్టు చెప్పే కారణం కొట్టిపారేయదగినది కాదు. గాయకుడు కర్ణాటక సంగీతం నేర్చినవారు, ఒకటిన్నర శ్రుతిలో, అంటే సి షార్ప్ (C#) షడ్జమంగా, పాడతారు. నాలుగు తీగల బేస్‌లో అట్టడుగు స్వరం ‘ఈ’ (E), అంటే మూడు శ్రుతి షడ్జమం. ఒకటిన్నర షడ్జమం కావాలంటే పైనున్న ‘ఏ’ (A) తీగ మీద నాలుగో ఫ్రెట్‌కు (మెట్టుకు) వెళ్లాలి. దాని కింది స్థాయి షడ్జమం ఆ వాద్యంలోనే లేదు. అయిదో తీగ ఉంటే అది దొరుకుతుంది.

దీనికి మిగిలినవారి జవాబు సూటిగా ఉంది. ‘ఏ’ తీగ నాలుగో ఫ్రెట్ దగ్గరి షడ్జమం సుమారు 69 హెర్ట్జ్, అది గాయకుడి షడ్జమానికి ఇప్పటికే ఒక స్థాయి కింద ఉంది. బేసిస్టు కోరే కింది షడ్జమం 35 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. పబ్బులలోని స్పీకర్లు చాలావాటిలో 40 హెర్ట్జ్ దిగువన బలం పడిపోతుంది కనుక, శ్రోతకు చేరేది ఆ స్వరం కాదు, దానితో పాటు పుట్టే పై స్వరాలే. పైగా 34 అంగుళాల మామూలు పొడవులో బి తీగ కాస్త వదులుగా ఉండి, గట్టిగా మీటితే శ్రుతి క్షణంపాటు పైకి పోయి వెనక్కు వస్తుంది. కొందరు తయారీదారులు 35 అంగుళాల పొడవుకు వెళ్లింది ఇందుకే. శ్రుతి కోసం తెచ్చిన తీగే శ్రుతిని కదిలిస్తోందన్న ఈ వాదనకు బేసిస్టు ఇంతవరకు సమాధానం ఇవ్వలేదు.

ఇంత లోతు కావాలన్న కోరిక ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ చూడాలి. ఇళయరాజా పాటలలోని బేస్‌ను పల్లవితో పాటు పాడుకోగలిగేలా విన్న తరం మనది. ఆ తర్వాత పెళ్లిళ్లలోనూ, వినాయక మండపాలలోనూ ఆర్కెస్ట్రా ట్రూపులు ఖర్చు తగ్గించుకునేందుకు బేస్‌ను కీబోర్డు ఎడమచేతికి అప్పగించాయి, సినిమా పాటలు సింథ్ బేస్‌కు మళ్లాయి. కీబోర్డుకు ‘ఈ’ స్వరం దగ్గర ఆగవలసిన అవసరం లేదు. ఇవాళ్టి బేసిస్టు ఒక రకంగా ఆ కీబోర్డుతో పోటీ పడుతున్నారు. తన స్థానం పోతుందన్న భయం నిజమైనదే కానీ, దాని భారాన్ని తోటివారి చెవులు మోయాలా అన్నది డ్రమ్మరు ప్రశ్న.

ఇప్పుడు బ్యాండు ముందున్న ప్రతిపాదన ఏమిటంటే, మూడు శ్రుతికి దిగువన పాడే పాటలలో రెండింటికి మాత్రమే అయిదు తీగల బేస్, తక్కిన అన్నింటికీ ప్రెసిషన్. బేసిస్టు సరేననలేదు, కాదనీ అనలేదు. సౌండ్ ఇంజనీరుకు మాత్రం వేరే చిక్కు ఉంది. యాక్టివ్ బేస్ నుంచి వచ్చే సిగ్నల్ సాధారణంగా పాసివ్ కంటే బలంగా ఉంటుంది కనుక గిటారు మార్చిన ప్రతిసారీ గెయిన్ (మిక్సర్‌లోకి తీసుకునే సిగ్నల్ స్థాయి) సరిచేయాలి, లేదా రెండింటికీ విడివిడిగా చానెళ్లు కావాలి. వచ్చే ప్రదర్శన జరిగే చోట సౌండ్ చెక్‌కు ఇస్తున్నది అరగంట, మిక్సర్‌లో ఖాళీగా ఉన్న చానెల్ ఒక్కటే.