ఒక్క లైను ట్రిప్పయితే

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి,

మొన్న గాలివానకు మీ వీధిలో కరెంటు పోయినప్పుడు ఫోన్ చేసి, "తాతయ్యా, దేశం మొత్తానికీ ఒకేసారి పోతుందా?" అని అడిగారు కదా. దాదాపు సగం దేశానికి పోయింది. 2012 జూలై 30 తెల్లవారుజామున ఉత్తరాది గ్రిడ్, అంటే అక్కడి విద్యుత్ కేంద్రాలనూ ఊళ్లనూ కలిపే లైన్ల వల, పడిపోయింది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడ్డాయి. అరవై కోట్ల మందికి పైగా కరెంటు లేదు.

మొదట ఆగింది బీనా–గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను ఒక్కటే. అది తెగలేదు, దాని మీద చెట్టూ పడలేదు. జంట లైనును పనుల కోసం ఆపి ఉంచడంతో భారమంతా దీని మీదే పడింది. ఆ లోడు రిలేకి, అంటే లైనుకు కాపలా ఉండే పరికరానికి, ఫాల్టులాగే (లైనులో లోపంలాగే) కనిపించింది, అది లైనును ట్రిప్ చేసి ఆపేసింది. ఆ కరెంటు వేరే లైన్లకు మళ్లింది. వాటికీ అదే గతి పట్టింది.

వేసవిలో మీరిద్దరూ, అమ్మా నాన్నా కలిసి నవారు మంచం మేడ మీదకు మోశారే, గుర్తుందా? చిన్ని చెయ్యి జారగానే ఆ బరువు బుజ్జి మీద పడింది. బుజ్జి గట్టిగా పట్టుకుంది కాబట్టి సరిపోయింది.

ఇంజనీర్లు గ్రిడ్‌ను కంప్యూటర్లో నమూనాగా కట్టి ఇదే చూస్తారు. ఒక్కో లైనూ తీసేసి, మిగతావి మోయగలవా అని లెక్క వేస్తారు. దీన్ని ఎన్ మైనస్ వన్ అంటారు. కానీ నమూనాలో తీగలూ స్టేషన్లూ ఉంటే చాలదర్రా! రిలే ఏ లోడుకు భయపడుతుందో, ఆ రోజు ఏ లైను రిపేర్లో ఉందో కూడా ఉండాలి.

పడితే ఎలా లేస్తుందన్నదీ లెక్క కట్టాలి. పూర్తిగా ఆగిన థర్మల్ స్టేషన్‌కు పంపులు, ఫ్యాన్లు తిప్పడానికే బయటి కరెంటు కావాలి. జలవిద్యుత్ కేంద్రానికి అంత అక్కర్లేదు, నీళ్లు వదిలితే టర్బైను తిరుగుతుంది. అందుకే ముందు దాన్ని లేపి, అక్కణ్ణించి థర్మల్‌కు అందిస్తారు.

ఆ రెండు రోజులూ మన దక్షిణాది గ్రిడ్ నిలబడింది. అప్పట్లో అది మిగతా దేశంతో డీసీ లింకులతోనే, అంటే కరెంటును ఒకే దిశలో పారేలా మార్చి పంపే లింకులతోనే, కలిసి ఉండేది. అందులో ఒకటి మన విశాఖ గాజువాకలోనే ఉంది. అవతల ఫ్రీక్వెన్సీ, అంటే మామూలు ఏసీ కరెంటు సెకనుకు ఎన్ని చుట్లు కొడుతుందన్న లెక్క, ఊగినా ఆ ఊపు ఇవతలకు రాదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైనుతో మనమూ కలిసిపోయాం. ఇప్పుడు దేశమంతటికీ ఒకటే ఫ్రీక్వెన్సీ.

దసరాకు వచ్చినప్పుడు సబ్‌స్టేషన్‌లో ఆ ఫ్రీక్వెన్సీ చూపే మీటరు చూపిస్తాను. 50కి కాస్త అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. సాయంత్రం దేశమంతా దీపాలు వేసే వేళ దాని ముందు నిలబడదాం.

ఆశీస్సులతో,
తాతయ్య